గుండెలో రంధ్రం, తల్లి జీన్స్ (జన్యువులు), ఫోలిక్ యాసిడ్: అపోహలు - వాస్తవాలు

పుట్టే ప్రతి వంద మందిలో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కడుపులో బిడ్డ గుండెకు ఎకో (అల్ట్రాసౌండ్ స్కాన్) తీసే డాక్టర్‌ని కాబట్టి ఈ కింది అపోహలు నాకు రోజూ వినిపించేవే.

అపోహ: నెల తప్పాక ఫోలిక్ యాసిడ్ (బి9 విటమిన్) మాత్ర మొదలుపెడితే చాలు.

వాస్తవం: అప్పటికే ఆలస్యం. గర్భం నిలిచిన దాదాపు 22వ రోజుకే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఎనిమిది వారాలకల్లా గదులు, గోడలు, కవాటాలు చాలావరకు అమరిపోతాయి, నెల తప్పిందని తెలిసేసరికే అందులో రెండు వారాలు పోతాయి, ఇక మొదటి చెకప్‌కి వెళ్లేసరికి మరికొన్ని వారాలు. కణాలు చకచకా విడిపోయే ఆ రోజుల్లోనే కొత్త డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్ర అందించే విటమిన్) కావాలి. అందుకే పిల్లల్ని కనాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాములు, మూడో నెల నిండేదాకా. ఇప్పటికే ఆలస్యమైందా? ఈరోజే మొదలుపెట్టండి.

అపోహ: మాత్ర వేసుకుంటే గుండె లోపం రానే రాదు.

వాస్తవం: అంత హామీ ఎవరూ ఇవ్వలేరు. వెన్ను, మెదడు లోపాలకైతే ఆధారం గట్టిది. అలాంటి బిడ్డ ఇదివరకే పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి (ఎంఆర్‌సీ) అధ్యయనం తేల్చింది. గుండె విషయంలో ఆధారం ఉంది గానీ అంత గట్టిది కాదు. కెనడాలో 1998 నుంచి పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేశాక అక్కడి క్యూబెక్ రాష్ట్రంలో తీవ్రమైన గుండె లోపాలు తగ్గుతూ వచ్చాయి.

అపోహ: ఎంటీహెచ్ఎఫ్ఆర్ జీన్‌లో (శరీరం ఫోలేట్‌ని వాడుకోవడానికి తోడ్పడే జీన్) తేడా ఉంటే ఫోలిక్ యాసిడ్ పనిచేయదు.

వాస్తవం: ఎర్రక్షరాల జీన్ టెస్టు రిపోర్టు పట్టుకుని, రాత్రంతా నిద్రపోకుండా వచ్చేవాళ్లు ఎంతమందో! ఈ తేడా చాలామందిలో ఉండేదే. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ జీన్‌లో 677టీ అనే తేడా వచ్చినవాళ్లలో కూడా, అదే మోతాదుకు, రక్తంలో ఫోలేట్ సగటున 16 శాతం తక్కువ ఉంటుందంతే. 400 మైక్రోగ్రాములు వాళ్లకీ సరిపోతాయి. అందరికీ ఈ టెస్టు అక్కర్లేదని అమెరికా జన్యు వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. ఖరీదైన మిథైల్‌ఫోలేట్ (ఫోలేట్‌లో మరో రూపం) మాత్రల వైపు పరుగెత్తకండి, వెన్ను లోపాలను ఆపుతుందని రుజువైంది మామూలు ఫోలిక్ యాసిడే.

అపోహ: లోపం తల్లి వైపు నుంచే వస్తుంది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా చిరాకు. బిడ్డ జీన్స్‌లో సగం తండ్రివి, కొన్ని మార్పులు ఇద్దరిలోనూ లేకుండా కొత్తగా పుడతాయి, చాలామందిలో అసలు ఒకే కారణమంటూ దొరకదు. తల్లి శరీరం ఫోలేట్‌ని ఎలా వాడుకుంటుందన్నది ఆమె జీన్స్‌పై కొంత ఆధారపడుతుంది, నిజమే. కానీ గర్భానికి ముందే అదుపు తప్పిన షుగర్, తొలి నెలల్లో రుబెల్లా, పొగతాగడం, కొన్ని ఫిట్స్ మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్... ముందు చూసుకోవాల్సినవి ఇవి. ఫిట్స్ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. షుగర్, ఫిట్స్ ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ మోతాదు కూడా ఎక్కువ కావచ్చు.

మొదటి బిడ్డకు లోపం ఉంటే రెండోసారి వచ్చే అవకాశం సాధారణంగా 2 నుంచి 5 శాతం. గర్భం 18 - 22 వారాల మధ్య ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండె స్కాన్) చేయించండి. చిన్న రంధ్రాలు, మరికొన్ని లోపాలు అందులో తప్పించుకోవచ్చు, కాబట్టి పుట్టిన 24 గంటలు దాటాక పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ చూసే) పరీక్ష, ఇంటికి వెళ్లేలోపు డాక్టర్ చేత గుండె పరీక్ష, రెండూ అడిగి మరీ చేయించుకోండి.