రాక్సెట్: కంపెనీ వద్దన్న పాట నంబర్ వన్ అయిన వైనం

అమెరికాలో వారం వారం పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో స్వీడన్ పాప్-రాక్ జంట రాక్సెట్ పాటలు నాలుగు మొదటి స్థానానికి చేరాయి. వాటిలో మొదటిది ఒక విద్యార్థి పట్టుదల వల్ల, మూడోది ఒక హాలీవుడ్ సినిమా వల్ల. కంపెనీ పనిగట్టుకుని వేసిన పథకం మాత్రం బెడిసికొట్టింది.

1986లో స్వీడన్‌లోని హాల్మ్‌స్టాడ్‌లో జట్టు కట్టేనాటికే పేర్ గెస్లె యిల్లెనె తీదెర్ బ్యాండ్‌తో, మారీ ఫ్రెడ్రిక్సన్ సోలో ఆల్బమ్‌లతో స్వదేశంలో పేరున్నవాళ్లు. బయటి శ్రోతల కోసమే ఇంగ్లిష్‌లో పాడారు. 1988 నాటి ‘లుక్ షార్ప్!’ ఆల్బమ్ స్వీడన్‌లో బాగా ఆడింది. వాళ్ల రికార్డు కంపెనీ ఇఎంఐ అమెరికా శాఖ మాత్రం అక్కడి మార్కెట్‌కు పనికిరాదని పక్కన పెట్టేసింది.

అందులోని ‘ది లుక్’, గెస్లె ఎన్సోనిక్ ఇఎస్‌క్యూ-1 సింథసైజర్ నేర్చుకుంటూ కట్టిన బాణీ. చరణాల్లో మాటలు తాళానికి సరిపడా తాత్కాలికంగా పెట్టినవి. అంతకంటే బాగా అతికేవి దొరక్క వాటినే ఉంచేశారు కాబట్టి అర్థం వెతకడం దండగ. ప్రధాన గొంతు కూడా గెస్లెదే.

స్వీడన్‌లో చదువుకుని మినియాపొలిస్ తిరిగొచ్చిన ఓ అమెరికా విద్యార్థి ఈ ఆల్బమ్‌ను కెడిడబ్ల్యుబి రేడియోకు ఇచ్చాడు. అక్కడ కొన్నాళ్లు అది వినకుండానే పడి ఉంది. తిరిగి ఇచ్చెయ్యమని అతను అడిగాకే ప్రోగ్రామ్ డైరెక్టర్ పెట్టి విన్నాడు. పాట ప్రసారం కాగానే శ్రోతల ఫోన్లు, ఆ వెంటనే ఇతర స్టేషన్లకు కాపీలు. అప్పట్లో హాట్ 100 రేడియో ప్రసారాలనూ దుకాణాల అమ్మకాలనూ కలిపి లెక్కించేది. సింగిల్ (పాటను విడిగా అమ్మే రికార్డు లేదా క్యాసెట్) అమ్మకానికి రాకపోతే పాట ఎంత మోగినా చార్టుకెక్కదు. వద్దన్న కంపెనీయే హడావిడిగా దాన్ని విడుదల చేసింది. 1989 ఏప్రిల్ 8న నంబర్ వన్. అదే ఏడాది నవంబర్‌లో ‘లిజన్ టు యువర్ హార్ట్’ కూడా ఆ స్థానానికి చేరింది. అమెరికాలో ఏడంగుళాల వినైల్ రికార్డు వేయకుండా, క్యాసెట్ సింగిల్‌గానే వచ్చి నంబర్ వన్ అయిన తొలి పాట అది.

‘ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్’ అసలు 1987 నాటి క్రిస్మస్ పాట. ఇఎంఐ జర్మనీ శాఖ అడిగితే రాశారు. తీరా అక్కడ విడుదలే చేయలేదు. హాలీవుడ్ సినిమా ‘ప్రెట్టీ వుమన్’ కోసం క్రిస్మస్ రోజు అన్న చోట చలికాలపు రోజు అని మార్చి, పాత రికార్డింగ్‌కే మెరుగులు దిద్ది ఇచ్చారు. 1990 జూన్‌లో అదీ మొదటి స్థానానికి వెళ్లింది. 1991లో ‘జాయ్‌రైడ్’ నాలుగోది.

1994లో ‘క్రాష్! బూమ్! బ్యాంగ్!’ వంతు. ఆల్బమ్ అమెరికా దుకాణాల్లోకి రాకముందే అందులోంచి పది పాటలు ఏరి మెక్‌డొనాల్డ్స్‌లో చవగ్గా అమ్మారు. అమ్మకాలైతే జరిగాయి, కానీ రికార్డు దుకాణాల వాళ్లకు ఒళ్లు మండింది. పైగా సగానికి పైగా పాటలు చేతిలో ఉన్నవాడు అసలు ఆల్బమ్ ఎందుకు కొంటాడు? అమెరికాలో రాక్సెట్ మళ్లీ కోలుకోలేదు.

మిగతా ప్రపంచంలో ఆదరణ తగ్గలేదు. 1995లో బీజింగ్‌లో కచేరీ చేశారు. 1996లో స్పానిష్‌లో పాడిన ఆల్బమ్ తెచ్చారు. 2002లో మారీకి మెదడులో కణితి బయటపడింది. 2009లో మళ్లీ వేదికెక్కి, 2016లో వైద్యుల సలహాతో పర్యటనలు మానేసిన ఆమె 2019 డిసెంబర్ 9న కన్నుమూశారు. గాయని లెనా ఫిలిప్సన్‌తో గెస్లె 2025లో మొదలుపెట్టిన పర్యటన తొలి కచేరీలు స్వీడన్‌లో కాదు, దక్షిణాఫ్రికాలో జరిగాయి.