బండి వేగం లెక్కలో బోల్తా పడేదెక్కడ? (అపోహలు - వాస్తవాలు)

విశాఖలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా పని. బలం, త్వరణం పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని చెక్కదిమ్మలు పక్కనపెట్టి, వాళ్లు రోజూ ఎక్కే ఆటోల మీదే లెక్కలిస్తాను. న్యూటన్ రెండో నియమం (బలం = ద్రవ్యరాశి × త్వరణం) అందరూ గడగడా అప్పజెబుతారు. వేగం కనుక్కోమంటే మాత్రం సగం మంది పెన్ను కొరుకుతూ కూర్చుంటారు.

అపోహ: బలం, ద్రవ్యరాశి తెలిస్తే వేగం వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేది త్వరణం. అంటే, సెకనుకు వేగం ఎంత మారుతోందన్న లెక్క. వేగం కావాలంటే ఇంకో రెండు సంగతులు తెలియాలి: బండి మొదట ఎంత వేగంలో ఉంది, ఆ బలం ఎంతసేపు పనిచేసింది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరిన ఆటోకీ, అప్పటికే 30లో వస్తూ పచ్చలైటు చూసి యాక్సిలరేటర్ తిప్పిన ఆటోకీ త్వరణం ఒకటే ఉండొచ్చు. ఐదు సెకన్ల తర్వాత వాటి వేగాలు మాత్రం ఒకటి కావు.

అపోహ: ఇంజను ఇచ్చే బలం ఒక్కటీ లెక్కలో వేస్తే చాలు.

వాస్తవం: ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. జనంతో కలిపి ఆటో 600 కిలోలు అనుకోండి. చక్రాల దగ్గర ముందుకు తోసే బలం 900 న్యూటన్లు. గాలి, టైర్లు కలిసి వెనక్కి లాగేది 300. ఫలిత బలం 600 న్యూటన్లు, త్వరణం 1. ఆగి ఉన్న ఆటో 8 సెకన్లకు సెకనుకు 8 మీటర్ల వేగం అందుకుంటుంది. దాన్ని 3.6తో హెచ్చిస్తే గంటకు దాదాపు 29 కిలోమీటర్లు. ఆ 300 మర్చిపోయిన పిల్లాడికి 43 వస్తుంది. నలుగురిని ఎక్కించుకున్న ఆటో 8 సెకన్లలో 43 అందుకుంటుందా నాన్నా అంటే క్లాసంతా నవ్వులే.

నిజానికి గాలి నిరోధం స్థిరంగా ఉండదు. వేగం రెట్టింపైతే అది సుమారు నాలుగింతలవుతుంది. అందుకే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకున్నా ఒక వేగం దగ్గర బండి ఇక పెరగదు.

అపోహ: ఫలిత బలం సున్నా అయితే బండి ఆగినట్టే.

వాస్తవం: బీచ్ రోడ్డులో 40 దగ్గర ముల్లు కదలకుండా, తిన్నగా పోతున్న బస్సు మీద ఫలిత బలం సున్నాయే. వేగం మారడం లేదు, అంతే. అరిస్టాటిల్ అంతటివాడే పొరబడ్డ చోటిది, పిల్లల్ని ఏమంటాం!

అపోహ: "లోడు బండి అంత తొందరగా ఆగుతాదేటండీ?"

వాస్తవం: ఇది ఒక ఆటో డ్రైవర్ నన్ను అడిగింది. చక్రాలు బిగుసుకుని జారేటప్పుడు బరువు పెరిగితే ఘర్షణ బలమూ అంతే పెరుగుతుంది కాబట్టి లెక్కలోంచి ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది. ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద ఎంత పట్టుందో చెప్పే అంకె) 0.7 ఉన్న పొడి రోడ్డు మీద 60లో ఉన్న బండి 20 మీటర్లు జారి ఆగుతుంది. 30లో అయితే 5 మీటర్లే. వానకు తడిసి గుణకం 0.4కి పడితే ఆ 20 కాస్తా 35 అవుతుంది. ఇదంతా బ్రేకు పట్టాక. బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను ఆలస్యమైనా ముందే 16 మీటర్లు పైగా పోయాయి.

అలాగని డ్రైవర్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. లారీల గాలి బ్రేకులు అందుకోవడానికి కొంత సమయం పడుతుంది, వాటి టైర్ల పట్టూ కార్ల కంటే తక్కువ.

ప్రమాదం జరిగినచోట టైరు చారలు కొలిచేది ఈ లెక్కను తిరగేయడానికే. పొడి రోడ్డు మీద 20 మీటర్ల చార ఉంటే వేగం కనీసం 60. చార చివర బండి ఆగకుండా దేన్నో గుద్దిందంటే అంతకంటే ఎక్కువే.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో, టైర్ల నిరోధం పోను త్వరణం 0.8 దాకా ఉంటుంది. 20లో ఉన్న బండి పది సెకన్లలో దాదాపు 50 అందుకుంటుంది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లు (ఇంజనులోకి పెట్రోలును కొలిచి చిమ్మేవి) గేరులో దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దాదాపు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా కాలుస్తూనే ఉండాలి. ఇవేవీ ఆలోచించని వయసులో సింహాచలం కొండ మీంచి స్కూటరు అలా దింపినవాణ్ణే నేనూ. రెండో మలుపు దగ్గరే బ్రేకు మీద కాలు వణికింది.