దొరికిన వరహా ఎక్కడికి పోతోంది?

తొలకరి పడిందంటే చాలు, రాయలసీమలో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. వాళ్లు వెతికేది వజ్రాల కోసం. మట్టిని కడిగిన వాన ఒక్కోసారి వజ్రానికి బదులు పాత నాణేన్ని బయటపెడుతుంది. వజ్రం దొరికితే ఆ కబురు సాయంత్రానికల్లా ఊరు దాటుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. నాణేలు దొరికితే మాత్రం ఎవరూ నోరు మెదపరు. అవి రాత్రికి రాత్రే ఆచారి కుంపటికో దళారి సంచికో చేరతాయి. మ్యూజియం మెట్లు ఎక్కేవి తక్కువ. ఈ మౌనం నిన్న మొన్నటిది కాదు, దాని వెనుక చాలా కథ ఉంది.

అసలు మన నేలలో ఇన్ని నాణేలు ఎందుకున్నాయి? విజయనగర రాజుల కాలంలో పెద్ద లెక్కలన్నీ వరహాల్లోనే. వరహా అంటే సుమారు 3.4 గ్రాముల బంగారం, చూడ్డానికి వేలి గోరంత ఉంటుంది. అందులో సగం ప్రతాపం. ఇంకా కిందికి వస్తే కందిగింజంత పణం, వెండి తార, రాగి జీతలు. 1443లో విజయనగరం వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ ఈ పేర్లన్నీ రాసిపెట్టాడు. కృష్ణదేవరాయల వరహా మీద బాలకృష్ణుడు వెన్నముద్ద పట్టుకుని కూర్చుని ఉంటాడు. వెనక వైపు నాగరి అక్షరాల్లో మూడు వరుసలుగా ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని ఉంటుంది. అచ్యుతరాయల నాణెం మీద రెండు తలల పక్షి గండభేరుండం ముక్కులతో, గోళ్లతో ఏనుగులను ఎత్తుకుపోతుంటుంది. అంత చిన్న బంగారు బిళ్ల మీద ఆ ఏనుగులను చెక్కిన అచ్చు పనివాడి పేరు మాత్రం మనకు మిగల్లేదు.

బ్యాంకులు లేని రోజుల్లో దాచుకోవాలంటే భూమే దిక్కు. నాణేలను కడవలో పోసి, మూతి బిగించి, పొయ్యి కిందో గోడ మూలో పాతిపెట్టేవాళ్లు. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక రాజధాని పెనుకొండకు వచ్చింది. అక్కడికి చేరిన తిరుమలరాయలు సీతారాములు కూర్చుని, పక్కన లక్ష్మణుడు నిలబడి ఉన్న వరహా వేయించాడు. అయినా ఈ సీమకు నెమ్మది దొరకలేదు. కుతుబ్‌షాహీలు, మొఘలులు, మరాఠాలు, హైదర్ అలీ దండ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మధ్యలో పాలెగాళ్ల తగాదాలు, వాటి మీద కరువులు. పాతిపెట్టినవాడు తిరిగొస్తే కడవ బయటికొచ్చేది. రాకపోతే నాగలి తగిలేదాకా అక్కడే.

మొఘలుల నాణేల మీద మన ఊళ్లు వేరే పేర్లతో కనిపిస్తాయి. ఆదోని ఇంతియాజ్‌గఢ్ అయింది, కర్నూలు ఖమర్‌నగర్ అయింది. ఆ తర్వాత టిప్పు సుల్తాన్ మన గుత్తిని ఫైజ్ హిసార్ అన్నాడు. చిన్నప్పుడు మా అవ్వ సందుగలో, పసుపు కొమ్ముల మధ్య, నాకో రాగి నాణెం దొరికింది. బరువుగా, మందంగా ఉండేది. ఒకవైపు తొండం వేలాడేసిన ఏనుగు, రెండోవైపు అర్థం కాని రాత. మెరిపిద్దామని చింతపండు పెట్టి గట్టిగా తోమాను. అది తళతళలాడింది, నాకు సంబరమైంది. రెండు వందల ఏళ్లు రాగిని కాపాడిన నల్లటి పొరను నా చేతులతో నేనే గీకేశానని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాణేల గురించి తెలిసిన ఒకాయన ఆ రాత చదివి ‘జర్బ్ ఫైజ్ హిసార్’ అన్నారు. అంటే గుత్తి టంకసాలలో కొట్టిందని. టిప్పు తాను మొదలుపెట్టిన మౌలూదీ శకంలో, సంవత్సరం అంకెలను కుడి నుంచి ఎడమకు వేయించేవాడని కూడా ఆయనే చెప్పారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: ‘ఇది ఎక్కడ దొరికింది?’ నా దగ్గర జవాబు లేదు. అవ్వ అప్పటికే పోయింది.

అసలు పోగొట్టుకుంటున్నది ఆ జవాబునే. ఒక కడవలోని నాణేలన్నీ కలిసి ఉంటే, వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని బట్టి ఆ కడవ ఏ కాలం తర్వాత పాతారో చెప్పొచ్చు. పక్క రాజ్యాల నాణేలు కలిస్తే ఏ ఊరి సరుకు ఏ సంతకు నడిచిందో తెలుస్తుంది. విడదీసి నలుగురికి అమ్మితే మిగిలేది బంగారం తూకమే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. మనం దత్తమండలాలమయ్యాం. ఆ కాలంలోనే కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటి తెలుగు పండితుల సాయంతో ఊరూరి చరిత్రలు రాయించాడు. ఈ రోజు మనం చదువుకునే కైఫియత్తులు అవే. నాణేలూ పోగుచేశాడు. 1821లో ఆయన చనిపోయాక ఆ సేకరణను కంపెనీ కొనింది, 1828లో విల్సన్ అనే ఇంగ్లిషు పండితుడు వేసిన జాబితాలో నాణేలే ఆరు వేలకు పైగా ఉన్నాయి.

జనం చేతుల్లో ఉన్న వరహాల దారి వేరు. మద్రాసు ప్రభుత్వం 1818లో వెండి రూపాయిని ప్రమాణంగా చేసి, వరహాకు మూడున్నర రూపాయల లెక్క కట్టింది. చెల్లుబాటు తగ్గిన వరహా కరిగింది, లేదా కొక్కెం అతికించుకుని కాసులపేరులో చేరింది. నాణేలు సేకరించేవాళ్లకు కొక్కెం వేసిన నాణెమంటే చిన్నచూపు. నాకు మాత్రం కాసులపేరు చూస్తే గౌరవమే. కుంపటిలో పడకుండా ఎన్నో నాణేలను కాపాడింది మన ఆడవాళ్ల మెడలే.

రాగి నాణేల సంగతి ఒకటి చెప్పాలి. కంపెనీ మద్రాసు కోసం ఇంగ్లండ్‌లో పది కాసుల, ఇరవై కాసుల నాణేలు కొట్టించింది. మనం డబ్బు అంటున్న మాట ఒకప్పుడు ఇలాంటి రాగి నాణెం పేరే. సీమలో పలికే దుడ్డు కూడా అంతే. ఆ నాణేలతో మద్రాసుకు బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దగ్గరే మునిగిపోయింది. 1980లలో డైవర్లు ఆ నాణేలను లక్షల్లో పైకి తీశారు. ఈ రోజు ఆ ఓడ పేరు చెప్పే వాటిని అమ్ముతారు, ఆ కథ కోసమే కొంటారు. దొరికిన చోటు తెలిస్తే మామూలు రాగి బిళ్లకు కూడా అంత విలువ వస్తుంది.

ఇక చట్టం. సీమను ధాతు నామ సంవత్సరపు కరువు పీల్చి పిప్పి చేస్తున్న రోజుల్లోనే, 1878లో, నిధుల చట్టం వచ్చింది. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. చెప్పకుండా దాచితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంతవరకే జనానికి తెలుసు. రెండో సగం ఎవరూ చెప్పరు. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవాడికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఆ లోహం విలువ, దాని మీద ఐదో వంతు అదనంగా చెల్లించాలి. బయటికి చెబితే అంతా పోతుందనే భయమే రైతును ఆచారి దగ్గరికి పంపుతోంది. చెబితే డబ్బులొస్తాయన్న మాట ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలని నేను గట్టిగా కోరుకుంటాను. లోహం ధర మీద ఐదో వంతు అనేది అరుదైన నాణేనికి చాలా తక్కువ. దాన్ని కూడా మార్చాలి.

భయం ఒకవైపు, ఆశ మరోవైపు. గుప్తనిధుల పేరుతో నందులను పగలగొట్టడం, పాత గుళ్లలో గర్భగుడులు తవ్వడం మన దగ్గర తరచూ వినే వార్తే. 2017 చివర్లో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. నిధి దొరకలేదు. ఇప్పుడు ఆశ ఫోన్లోకి వచ్చింది. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు, వైష్ణోదేవి నాణేనికి లక్షలు అంటూ మెసేజ్‌లు, ముందు కమీషన్ కట్టమని ఫోన్లు. తన పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని, ఇలాంటి లావాదేవీలకు తాను ఏ ఫీజూ అడగనని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

మా అవ్వ నాణేన్ని ఇప్పుడు చిన్న కాగితం కవర్లో పెట్టాను. కవరు మీద ‘రాగి, ఏనుగు పైసా, గుత్తి టంకసాల’ అని రాశాను. కింద ‘దొరికిన చోటు’ అని రాసి, దాని పక్కన ‘అవ్వ సందుగ’ అని పెట్టాను. అంతకు ముందు అది ఏ చేలో ఉందో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.