బ్యాటరీ కొనే ముందు ఎర్త్ చూడండి: క్లాసిక్ బండ్ల లైట్ల మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో నా దగ్గరికి వచ్చే బుల్లెట్లు, జావాలు, ఆ తరహా బండ్లు ఎక్కువగా లైట్ల కంప్లయింట్లతోనే వస్తాయి. వచ్చేవాళ్లు కారణం కూడా ముందే తేల్చుకుని వస్తారు. "అన్నా, బ్యాటరీ పోయింది, కొత్తది వేసెయ్" అంటారు. వేస్తే నాకు నాలుగు డబ్బులు వస్తాయి. కానీ లోపం బ్యాటరీలో లేకపోతే, వాళ్ల డబ్బులు పోతాయే తప్ప లైటు వెలగదు. ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో రాసి పెడుతున్నాను, మీ బండిని మీరే చూసుకోవడానికి పనికొస్తుంది.

అపోహ: లైటు మసకబారిందంటే బ్యాటరీ పోయినట్టే.

బ్యాటరీ బాగుందో లేదో ఊహించనక్కర్లేదు, వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, తాళం తిప్పకముందు కొలవండి. 12 వోల్టుల బ్యాటరీ అయితే 12.6 వోల్టులు, ఆపైన ఉంటే ఫుల్ ఛార్జ్. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. తర్వాత సెల్ఫ్ నొక్కుతూ చూడండి. ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ నొక్కగానే 9.6 కంటే కిందికి పడిపోతోందంటే అది నిజంగానే నీరసపడింది. ఇక బండి స్టార్ట్ చేసి కొంచెం రేజ్ ఇవ్వండి. 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఛార్జింగ్ సరిగ్గా ఉంది. రేజ్ ఇచ్చినా పన్నెండున్నర దాటకపోతే మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది), రెగ్యులేటర్ (ఆ వోల్టేజీని అదుపు చేసేది), ఆ రెండింటి మధ్య ఉండే కప్లర్ (వైర్ల కనెక్టర్) చూడాలి. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకే దిగిపోతుంది. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు. నెలకో హెడ్‌లైట్ బల్బు మాడిపోతోందని బల్బు కంపెనీని తిట్టుకునేవాళ్లు ముందు ఈ రీడింగ్ చూడాలి.

ఈ మూడూ బాగుండి కూడా లైటు మసకగా ఉంటే, అప్పుడు ఎర్త్ గురించి మాట్లాడాలి. క్లాసిక్ బండ్లలో నేను ముందుగా చేయి పెట్టేది అక్కడే. బల్బుకి కరెంటు వెళ్లడం ఎంత ముఖ్యమో, తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరడమూ అంతే ముఖ్యం. ఎర్త్ అంటే ఆ తిరుగుదారే. పాత బండ్లలో అది చాలాచోట్ల ఛాసిస్ (బండి ఇనుప ఫ్రేమ్) మీదుగానే ఉంటుంది. సింగిల్ సిలిండర్ వైబ్రేషన్‌కి బోల్టులు వదులవుతాయి, వానకి చిలుము పడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది పెయింట్.

కొర్లగుంట నుంచి ఒక తమ్ముడు నాన్నగారి బండిని ముచ్చటగా రీస్టోర్ చేయించి తెచ్చాడు. ఛాసిస్‌కి కొత్త పౌడర్ కోటింగ్, అద్దంలా మెరుస్తోంది. కంప్లయింట్ మాత్రం వింతగా ఉంది. బ్రేక్ పట్టుకుంటే వెనక ఎర్ర లైటు పెరగాల్సింది పోయి ఆరిపోతోంది, నాలుగు ఇండికేటర్లూ సన్నగా వెలుగుతున్నాయి. వైరింగ్ కిట్ మొత్తం మార్చాలని వేరేచోట చెప్పారట. వెనక మడ్‌గార్డ్ కింద ఎర్త్ వైరు బిగించిన బోల్టు విప్పితే, వాషర్ కింద మందంగా నల్లటి కోటింగ్. వైరు ఇనుముకి తగలడమే లేదు. తిరిగిపోయే దారి లేక, బ్రేక్ లైటు కరెంటు వెనక ఇండికేటర్ బల్బులోకి దూరి, అక్కడి నుంచి వైరు వెంట ముందు ఇండికేటర్‌కి వెళ్లి, ముందువైపు ఎర్త్ ద్వారా బయటపడుతోంది. అందుకే అన్నీ సన్నగా వెలిగాయి. రూపాయి బిళ్లంత మేర కోటింగ్ గీకి, ఇనుము తెల్లగా కనిపించాక వైరు బిగించి, పైన కాస్త వాజిలైన్ రాశాను. అంతటితో సరిపోయింది. మీ బండిలో ఒక స్విచ్ వేస్తే దానికి సంబంధం లేని ఇంకో లైటు స్పందిస్తోందంటే ఎర్త్‌ని అనుమానించండి.

దీన్ని కొలిచే పద్ధతి కూడా సులువే. లైటు వేసి ఉంచి, మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు బల్బు హోల్డర్ బాడీ మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. ఒక వోల్టు, అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆ మేరకు దారిలోనే పోతోంది. బల్బుకి అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు ఇంచుమించు 30 శాతం పడిపోతుంది. అందుకే చిన్న చిలుము కూడా చంద్రగిరి రోడ్డు మీద రాత్రిపూట అంత తేడా చూపిస్తుంది.

అపోహ: మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తోంది కాబట్టి వైరు మంచిదే.

వైరు లోపల పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ వాడుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. బల్బు పెట్టగానే ఆ ఒక్క పోగు మోయలేదు. కాబట్టి బల్బు తగిలించి, వెలుగుతుండగానే కొలవాలి. మీటర్ లేకపోతే పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంప్ చేసుకోండి. ఈ పనికి అది కొన్నిసార్లు మీటర్ కంటే నిజం చెబుతుంది. ఇలా లోపల తెగడం ఎక్కువగా హ్యాండిల్ మెడ దగ్గర జరుగుతుంది, తిప్పినప్పుడల్లా వైర్లు అక్కడే మడతపడతాయి కాబట్టి. లైట్లు వేసి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా మినుకుమంటే చోటు దొరికినట్టే. తర్వాత హెడ్‌లైట్ డూమ్ విప్పి చూడండి. క్లాసిక్ బండ్లలో కనెక్టర్లు చాలావరకు అందులోనే కుక్కి ఉంటాయి, ప్రెషర్ వాటర్‌తో కడిగినప్పుడు నీళ్లు చేరేదీ అందులోకే.

అపోహ: వెలుతురు చాలకపోతే 100 వాట్ల బల్బు వేస్తే సరి.

మామూలు హెచ్4 హెడ్‌లైట్ బల్బు హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు. 60 వాట్లకి 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది 8 దాటుతుంది. జాయింట్లలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. అంటే దాదాపు 2.8 రెట్లు. హోల్డర్ కరిగిపోవడం, డిమ్ డిప్ స్విచ్ కాలిపోవడం ఇందువల్లే. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి బండి బయట పెడితే వైర్లు అప్పటికే వేడెక్కి ఉంటాయి. ముందు ఎర్త్ సరిచేసి, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరు లాగి, ఉన్న బల్బునే వెలిగించి చూడండి. చాలామందికి ఆ తర్వాత పెద్ద బల్బు అవసరమే పడదు. ఎల్ఈడీ బల్బు వేసేవాళ్లకి ఒక మాట. హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటుకే ఆ రిఫ్లెక్టర్ ఫోకస్ చేసి ఉంటుంది. వెలుగు పుట్టే చోటు మారితే తెల్లగా కనిపిస్తుంది గానీ రోడ్డు మీద పడాల్సినచోట పడదు, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది.

అపోహ: యాంప్ మీటర్ ముల్లు మధ్యలో నిలబడితే ఛార్జింగ్ లేదు.

బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందో, బయటికి పోతోందో చూపించే ఈ మీటర్ పాత బుల్లెట్ల మీద ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. స్టార్ట్ చేశాక ప్లస్ వైపు వెళ్లి, కాసేపు నడిచాక మధ్యకి రావడం మంచి లక్షణం. బ్యాటరీ నిండింది, తయారయ్యేదీ ఖర్చయ్యేదీ సమానమైందన్నమాట. రేజ్ ఇచ్చినా మైనస్‌లోనే ఉంటే అప్పుడు చూపించండి. అలాగే కొన్ని పాత మోడళ్లలో హెడ్‌లైట్ బ్యాటరీతో పనిలేకుండా మ్యాగ్నెట్ కాయిల్ నుంచే నేరుగా వెలుగుతుంది. వాటిలో ఐడిల్‌లో తగ్గి, రేజ్‌కి పెరగడం సహజం.

ఫ్యూజు సంగతి. పదే పదే పోతోందని 15 ఆంపియర్లకి బదులు 30ది వేయడం, రాగి తీగ చుట్టడం మాత్రం దయచేసి చేయకండి. ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని ఫ్యూజు చెబుతోంది. దాన్ని చెప్పనివ్వకపోతే పెట్రోల్ ట్యాంకు కింద వైరింగ్ కాలుతుంది.

ఇండికేటర్ ఒకవైపు గబగబా కొట్టుకుంటే ఫ్లాషర్ (ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పేది) కొనకండి. ఆ వైపు ఒక బల్బు పోయి ఉంటుంది.

బ్యాటరీలో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. మినరల్ వాటర్ వద్దు, యాసిడ్ అసలే వద్దు. సీల్డ్ బ్యాటరీ మూత తెరవకూడదు. టెర్మినల్ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. అలా చేస్తే స్పానర్ ఛాసిస్‌కి తగిలినా షార్ట్ అవ్వదు.

అపోహ: కొండ దిగేటప్పుడు ఇంజన్ ఆపితే పెట్రోలూ ఆదా, బండికీ విశ్రాంతి.

తిరుమల ఘాట్ రోడ్డులో ఇది నేను చూస్తూనే ఉంటాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇంజన్ ఆపితే ఛార్జింగ్ ఆగిపోతుంది. బ్యాటరీ మీద వెలిగే బండి అయితే హెడ్‌లైటు, వెనక లైటు, ఎక్కువసేపు పట్టి ఉంచే బ్రేక్ లైటు కలిపి దాదాపు 7 ఆంపియర్లు. అరగంట దిగితే 9 ఆంపియర్-అవర్ కెపాసిటీ ఉన్న బ్యాటరీలో మూడో వంతుకు పైగా అక్కడే ఖర్చు. కాయిల్ మీద వెలిగే పాత బండి అయితే మలుపులో ఉండగా హెడ్‌లైటే ఆరిపోతుంది. ఇంజన్ బ్రేకింగ్ లేక బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం అన్నిటికంటే ప్రమాదం. ఇంజన్ నడుస్తూ, రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. కొండ మీద బయల్దేరేటప్పుడు ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి లైటు వెలుగుతోందో లేదో వెనక కూర్చునేవాళ్లని చూడమనండి. రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి, ఒకటి పనిచేస్తోందని రెండోదీ పనిచేస్తుందనుకోవద్దు.