రూల్స్ అన్నీ తెలుసు, ఆటకు మాత్రం పిలవరు: ఏడీహెచ్‌డీ, స్నేహాల నేపథ్యం

"మధ్యలో దూరకు", "నీ వంతు వచ్చేదాకా ఆగు". ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపడిపోవడం ఎక్కువగా ఉండే సమస్య) ఉన్న పిల్లలకు రోజూ పడే అక్షింతలివి. నిజానికి ఇవన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. క్యారమ్స్‌కు కూర్చునే ముందు అడిగితే రూల్స్ గడగడా చెప్తారు. తీరా పక్కవాడు స్ట్రైకర్ పెట్టి గురి చూస్తుండగానే చెయ్యి బోర్డు మీదికి పోతుంది. నాలుగుసార్లు ఇలా జరిగితే ఇక ఆటకు పిలవరు.

తెలియడానికీ, చేయగలగడానికీ మధ్య ఉన్న ఈ తేడా వైద్యులకు అర్థం కావడానికి చాలా కాలమే పట్టింది. 1902లో లండన్‌లో పిల్లల డాక్టర్ జార్జ్ స్టిల్, తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చారు. దానికి నైతిక నియంత్రణ లోపమని పేరు పెట్టినా, అంతా పెంపకం తప్పేనని ఆయన అనలేదు. ఒంట్లోనే కారణం ఉండొచ్చన్నారు. ఇప్పటికీ 'తల్లి గారాబం' అని తేల్చేసే చుట్టాలు ఆయన కంటే వెనకే ఉన్నారన్నమాట.

1937లో అమెరికాలో చార్ల్స్ బ్రాడ్లీ అనే డాక్టర్ బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూస్తే కొందరు పిల్లలు చదువులో కుదురుకున్నారు. అక్కడి నుంచి దృష్టంతా మందుల మీదికీ, బడి మీదికీ మళ్లింది. వ్యాధి పేరు 1968లో ఒకటి, 1980లో ఇంకొకటి. 1987లో ఏడీహెచ్‌డీ అయింది. కుర్చీలో కుదురుగా కూర్చున్నాడా, హోంవర్క్ చేశాడా అని చూశారు గానీ, పుట్టినరోజుకు ఎవరైనా వచ్చారా అని అడిగినవాళ్లు తక్కువ.

1999లో ఫలితాలు వచ్చిన, ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చి చూసిన ఎంటీఏ అనే అమెరికా అధ్యయనంలో 579 మంది పిల్లలకు 14 నెలల పాటు చికిత్స చేశారు. ముఖ్య లక్షణాలు తగ్గించడంలో మందులు బాగానే పనిచేశాయి. స్నేహాల దగ్గర కథ వేరు. ఆ పిల్లల్లో కొందరి క్లాస్‌మేట్లను అడిగి చూసిన పరిశోధకురాలు బెట్సీ హోజా బృందం, 52 శాతం మందిని తోటివాళ్లు దూరం పెడుతున్నారని 2005లో రాసింది. చికిత్స తర్వాత కూడా ఆ దూరం పోలేదు.

ఈలోగా సోషల్ స్కిల్స్ క్లాసులొచ్చాయి. పలకరించడం, వంతు పాటించడం గదిలో కూర్చోబెట్టి నేర్పేవి. 2019లో కాక్రేన్ (వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూకం వేసే సంస్థ) సమీక్ష 25 ట్రయల్స్‌ను జల్లెడ పట్టి, టీచర్ల కంటికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదంది. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. లోపం తెలియకపోవడంలో లేదు, తెలిసినదాన్ని ఆ క్షణంలో చేయలేకపోవడంలో ఉందని మనస్తత్వవేత్త రసెల్ బార్క్‌లీ అంతకు చాలా ముందు నుంచే చెప్తున్నారు.

అందుకే నేర్పే చోటు మారింది. మనస్తత్వవేత్త విలియం పెల్హామ్ 1980లో మొదలుపెట్టిన వేసవి శిబిరాల్లో ఆట నడుస్తుండగానే పాయింట్లు ఇస్తారు, తీసేస్తారు. మరో మనస్తత్వవేత్త అమోరి మికామీ తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు: పిల్లాడి స్నేహితుణ్ని ఇంటికి పిలవడం, ఏం ఆడాలో ముందే అనుకోవడం, గొడవ ముదరకముందే పక్కకు తీసుకెళ్లి చెప్పడం. టీచర్‌కూ ఇందులో పని ఉంది. అందరి ముందూ ఒక్కణ్నే తిడితే, మిగతా పిల్లలూ వాణ్ని అలాగే చూస్తారు.

పెద్దవాళ్ల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఏడీహెచ్‌డీ ఉందని తేల్చడానికి పెద్దలకు అయిదు లక్షణాలు చాలన్న నిబంధన 2013లో డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం)తో గానీ రాలేదు. పిల్లాడికి పరీక్ష చేయిస్తూ తమ సంగతి తెలుసుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. అప్పటికే కాపురంలో ఏళ్ల తరబడి గొడవలు. కరెంటు బిల్లు కట్టమని రెండుసార్లు చెప్పినా మరిచిపోతే, అవతలి మనిషికి 'నేనంటే లెక్కలేదు' అనే అనిపిస్తుంది. ఇప్పుడు కొందరు కౌన్సెలర్లు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, చెప్పిన పనిని అక్కడికక్కడే ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టించడం, మాట పెరిగితే పది నిమిషాలు ఆగుదామని ముందే ఒప్పందం చేయించడం లాంటివి చేస్తున్నారు.