పులికాట్ అడుగు బురద: పూడిక తీసే ముందు తెలియాల్సిన చరిత్ర

పులికాట్ సరస్సు గురించి ఏ మాట మొదలైనా చివరికి పూడిక దగ్గరికే వస్తుంది. ముఖద్వారాలు ఇసుకతో మూసుకుపోతున్నాయి, సముద్రం నీళ్లు లోపలికి రావడం లేదు, చేపలు తగ్గిపోయాయి, తవ్వించండి అని తడ, సూళ్లూరుపేట వైపు జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. న్యాయమైన కోరికే. కానీ ఎంత లోతు తవ్వాలన్న లెక్క మీద జరిగినంత చర్చ, అడుగున ఉన్న మట్టి ఏం పని చేస్తోందన్న దాని మీద జరగడం లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వచ్చింది, దాంతో పాటే పులికాట్‌లో పెద్ద భాగమూ వచ్చింది. సగటున మీటరు లోతు కూడా సరిగ్గా ఉండని సరస్సు ఇది. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల ఒండ్రు ఒక పక్క నుంచి, సముద్రపు ఇసుక మరో పక్క నుంచి చేరుతుంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు నీళ్లు దాదాపు చప్పబడతాయి. ఎండాకాలం చివరికొచ్చేసరికి కొన్నిచోట్ల సముద్రం కంటే ఉప్పగా మారతాయి. మనుషులు చేసిన మార్పులూ తక్కువేం కాదు. 19వ శతాబ్దంలో బకింగ్‌హామ్ కాలువ వచ్చింది. శ్రీహరికోట నుంచి 1971లో తొలి రాకెట్ ఎగిరింది, అక్కడికి వెళ్లే రోడ్డు కట్ట సరస్సును అడ్డంగా చీల్చింది. 1990ల్లో కోస్తా అంతటా రొయ్యల గుంటలు పెరిగాయి, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వాటికి కట్టడి విధించింది. వీటన్నిటి ప్రభావమూ కిందికి దిగి చేరేది బురదలోకే.

ఆ బురదను చదవడం ఎప్పుడు మొదలైంది? 1776లో ఇటలీలో అలెశాండ్రో వోల్టా ఒక సరస్సు అంచున అడుసును కర్రతో కలియబెట్టి, పైకి వచ్చిన బుడగలను పట్టాడు. నిప్పు పెడితే మండాయి. మనం మీథేన్ అంటున్నది ఆ వాయువునే. దాన్ని సూక్ష్మజీవులు తయారుచేస్తాయని తేలడానికి ఇంకో వంద ఏళ్లు పట్టింది. 1887లో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు వాయువును వాడుకుని శక్తి పొందే బ్యాక్టీరియాను గుర్తించాడు. 1895లో నెదర్లాండ్స్‌లో బైయరింక్, కాలువ బురదలోంచి సల్ఫేటును (నీళ్లలో కరిగి ఉండే గంధకపు లవణం) సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియాను వేరుచేశాడు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ మీథేన్ చేసే జీవులు అసలు బ్యాక్టీరియా కావనీ, వేరే శాఖ అనీ చూపించారు. ఇప్పుడు వాటిని ఆర్కియా అంటున్నాం.

పులికాట్‌కు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి సల్ఫేటుదే. అడుగున ఆకులు, నాచు, చచ్చిన చేపలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అది కొన్ని మిల్లీమీటర్ల లోతులోనే అయిపోతుంది. తర్వాత నైట్రేట్, మాంగనీస్, ఇనుము, ఆపైన సల్ఫేట్. అవన్నీ అయిపోతేనే మీథేన్ వంతు. చిత్తూరు పల్లెల్లోని మంచినీటి చెరువుల్లో సల్ఫేట్ చాలా తక్కువ కాబట్టి అక్కడ మీథేన్ త్వరగా మొదలవుతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. అందుకే ఉప్పునీటి బురదలో సల్ఫేటు బ్యాక్టీరియాదే పైచేయి. కుళ్లిన గుడ్డు వాసన, నల్లటి రంగు వాటి పనే. రొయ్యల రైతులు ‘గుంటలో గ్యాస్ పట్టింది’ అంటూ టెన్షన్ పడి జియోలైట్, ప్రోబయాటిక్స్ చల్లేది ఎక్కువగా ఈ వాసన గురించే. లోతు నుంచి పైకి వచ్చే మీథేన్‌లో చాలా భాగాన్ని ఆర్కియా, సల్ఫేటు బ్యాక్టీరియా జతకట్టి మధ్యలోనే కాజేస్తాయని 2000 నాటికి సముద్రపు అడుగు మట్టిలో తేలింది. 2012లో డెన్మార్క్ పరిశోధకులు ఇంకో అబ్బురాన్ని బయటపెట్టారు. బురదలో సెంటీమీటర్ల పొడవున గొలుసుకట్టి, కింది సల్ఫైడు నుంచి పై ఆక్సిజన్ దాకా కరెంటు మోసే బ్యాక్టీరియా ఉన్నాయట!

కాబట్టి ముఖద్వారం తెరవడమంటే చేపలకు దారి ఇవ్వడం ఒక్కటే కాదు. లోపలికి వచ్చే సల్ఫేటు మారుతుంది, దానితో అడుగున ఎవరిది పైచేయి అన్నదీ మారుతుంది. నా మటుకు ముఖద్వారం దగ్గరి ఇసుక తీయడానికి పెద్దగా భయపడక్కర్లేదు. అది చాలావరకు సముద్రం తెచ్చిపోసిన శుభ్రమైన ఇసుక. జాగ్రత్త పడాల్సింది లోపలి నల్ల బురద విషయంలో. దానిలోని ఇనుప సల్ఫైడు నీళ్ల కింద ఉన్నంతకాలం నిమ్మళంగా ఉంటుంది, సీసం, కాడ్మియం లాంటి లోహాలనూ పట్టి ఉంచుతుంది. గట్టు మీద పోసి ఎండనిస్తే గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, లోహాలు విడివడి వానకు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. కేరళ కుట్టనాడులో ‘కరి’ నేలలను ఆమ్లం పీడించడానికి కారణం ఇదే జాతి సల్ఫైడు.

ఇక్కడ మన అలవాటే మనల్ని తప్పుదోవ పట్టించే ప్రమాదం ఉంది. వేసవిలో చెరువు మట్టి తోలుకుని చేలల్లో వేయడం చిత్తూరు రైతుకు తాతల నాటి పని. అది మంచి పనే. అడుగున ఇనుముకు ఆక్సిజన్ అందినంతకాలం అది ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచుతుందని 1941–42లో ఇంగ్లండు సరస్సుల మీద మార్టిమర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఏటా ఎండే మన చెరువుల మట్టి చేనికి సత్తువ ఇవ్వడంలో దాని పాత్రా ఉంది. 2015లో మొదలైన నీరు–చెట్టు పనుల్లోనూ చెరువు మట్టి చేలకు వెళ్లింది. కానీ పులికాట్ బురదను అదే లెక్కన చేలకు తోలితే ఉప్పు, ఆమ్లం రెండూ చేనులోకి వస్తాయి.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 2015 నుంచి ఐసర్, ఐఐటీ ఉన్నాయి. సరస్సు వంద కిలోమీటర్ల దూరం కూడా లేదు. బురదలోకి గొట్టం దించి పొర చెదరకుండా పైకి తీసి, సీసం–210 (కాలంతో పాటు ఒక లెక్కన తరిగిపోయే రేడియోధార్మిక సీసం)తో ఏ పొర ఏ కాలానిదో గత వంద, నూటయాభై ఏళ్ల వరకు చెప్పవచ్చు. రోడ్డు కట్టకు ముందు ఏముంది, రొయ్యల గుంటలు వచ్చాక ఏం చేరింది అన్నది ఆ పొరల్లోనే దొరుకుతుంది. కట్టకు ఉత్తరాన, దక్షిణాన, మే ఎండలో ఒకసారి, డిసెంబరు వానల తర్వాత ఒకసారి సల్ఫైడు, లోహాలు, ఆమ్లం పుట్టే శక్తి కొలవాలి. ఆ కొలతలు చూశాకే, తీసిన మట్టి ఎక్కడ పోయాలో టెండరులో రాయాలి.