స్వీయచరిత్ర రాయబోయేవారి అపోహలు, పక్కన కూర్చున్నవాడికి తెలిసిన వాస్తవాలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న ఊళ్లలో పెద్దవారు తమ జీవితాన్ని రాసుకోదలిచినప్పుడు, పక్కన కూర్చుని విని, రాతప్రతిని సరిచేసి, అచ్చుకు సిద్ధం చేసే పని నాది. బంధువులకు పంచడానికి యాభయ్యో నూరో ప్రతులు వేసుకునే పుస్తకాలే వీటిలో ఎక్కువ. మొదటి రోజు వారు చెప్పే సంకోచాలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి కాబట్టి వాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గొప్పవారికే స్వీయచరిత్ర ఉంటుంది; మామూలు బతుకులో రాయడానికి ఏమీ ఉండదు.

మన ప్రాంతంలో ఈ అపోహ బలపడడానికి కారణం లేకపోలేదు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు ‘నా జీవిత యాత్ర’ రాశారు. 1913లో అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ‘విప్లవ పథంలో నా పయనం’ రాశారు. వాటి పక్కన తన నోటుపుస్తకాన్ని పెట్టి చూసుకున్నవారికి కలం ముందుకు సాగదు. అయితే ఆ పుస్తకాలలో మనం దేశచరిత్రను కూడా వెతుక్కుంటాం. ఇంటి పుస్తకానికి ఆ బరువు లేదు. ఇంకెవరూ రాయని సంగతి చెప్పడమే దాని పని.

కొండపి వైపు ఒక పెద్దావిడ, “పొగాకు, పిల్లలు, అప్పులు తప్ప నా బతుకులో ఏముందయ్యా?” అన్నారు. నేను వాదించకుండా, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు నిప్పు పెట్టిన రాత్రి ఏం చేసేవారమ్మా అని అడిగాను. ఆమె రెండు గంటల సేపు చెప్పారు. కర్రలకు కట్టిన పచ్చాకు ముందు తక్కువ వేడిలో పసుపు రంగుకు తిరగాలని, ఆ తరువాత వేడి పెంచి ఆకును, చివరికి ఇంకా పెంచి ఈనెను ఆరబెట్టాలని, ఎండిన ఆకు ఒక్కటి జారి కాలుతున్న గొట్టం మీద పడినా బ్యారన్ మొత్తం తగలబడిపోవచ్చని, అందుకే ఆ దినాలన్నీ తాను థర్మామీటరు చూసుకుంటూ మేలుకునేదాన్నని చెప్పి, కాసేపు ఆగి, “వేలంలో బేళ్లు మాత్రం ఆయన పేరునే పోయేవి” అన్నారు. ఆ వాక్యం కోసం ఆమె వెతకలేదు. థర్మామీటరు దాకా వచ్చేసరికి అదే నోట వచ్చింది. ‘మీ జీవితానికి అర్థం ఏమిటి’ అని నేను అడిగి ఉంటే, నాకు ఒక సుభాషితం దక్కేది, అంతే.

అపోహ: నాకు అన్నీ కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి, సరిచూడనక్కరలేదు.

జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉన్నా అది నిజమేనన్న హామీ లేదు. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మరునాడే, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో అమెరికాలో నైసర్, హార్ష్ అనే పరిశోధకులు విద్యార్థుల చేత రాయించి, రెండున్నరేళ్ల తరువాత మళ్లీ అడిగారు. చాలామంది పూర్తి నమ్మకంతో చెప్పిన సంగతులు తాము మొదట రాసినదానికి పొంతన లేకుండా ఉన్నాయి. మన దగ్గర తుఫానుల విషయంలో ఇది తరచూ చూస్తాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులో జరిగిన సంగతిని, అంతకన్నా పేరుమోసిన 1977 నవంబరు దివిసీమ ఉప్పెన ఖాతాలో వేసి చెప్పేవారు ఉన్నారు. రెండూ నవంబరులోనే రావడం వల్ల పొరపాటు మరీ సులువవుతుంది. ఇక కందుకూరువారి సంగతి వేరు. 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరు ఆ ఏడాది కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసింది, 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశంగా మారింది, 2022 ఏప్రిల్‌లో ఊరు మళ్లీ నెల్లూరులో చేరింది. కాబట్టి ఇల్లు కదలకుండానే జిల్లా మారిన మనిషి ‘మా జిల్లా’ అని రాసినప్పుడల్లా ఏ సంవత్సరం మాటో నేను అడగవలసి వస్తుంది.

పెళ్లి శుభలేఖ, ఎస్సెస్సెల్సీ పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం, పాత ఉత్తరాలు ముందు వేసుకుని కూర్చోమంటాను. కాగితానికీ జ్ఞాపకానికీ తేడా వస్తే జ్ఞాపకాన్ని కొట్టివేయవద్దు, రెండూ రాయమంటాను. కొడుకు ఉప్పెన ఏడాదే పుట్టాడని ఒక తల్లి ఇన్నేళ్లూ ఎందుకు అనుకున్నదో, అది కూడా ఆమె కథే.

అపోహ: పుట్టుకతో మొదలుపెట్టి వరుసగా రాయాలి.

మూడేళ్ల వయసుకు ముందరి జ్ఞాపకాలు సాధారణంగా ఎవరికీ మిగలవు. పుట్టుక గురించి రాసేదంతా ఇతరులు చెప్పగా విన్నదే. పెద్దవయసువారికి ఎక్కువగా గుర్తుండేవి పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యవని పరిశోధనలు చెబుతున్నాయి. అక్కడ మొదలుపెడితే కలం తడబడదు. వరుస తరువాత చూసుకోవచ్చు.

అపోహ: బాధల నుంచి ఒక నీతి తేలితేనే జీవితకథకు అర్థం ఉన్నట్టు.

నాకు ఎక్కువ పేచీ ఉన్నది దీనితోనే. రాయడం వల్ల మేలు కలగవచ్చు, నిజమే. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు రోజులు రోజుకు పావుగంట చొప్పున తమ బాధాకర అనుభవాన్ని, అప్పటి మనోభావాలను కలిపి రాసిన విద్యార్థులు ఆ తరువాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వారికి దిగులు పెరిగింది. రోజులు గడిచేకొద్దీ ‘ఎందువల్ల’, ‘అప్పుడు తెలిసింది’ వంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వారికే ఎక్కువ మేలు జరిగిందని తరువాతి పరిశీలనల్లో తేలింది. అంటే రాస్తూ రాస్తూ తెలుసుకోవడం మేలు చేస్తుంది కానీ, ముందే తేల్చుకున్న నీతిని చివర అతికించడం కాదు.

యువకుడైన కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి, ఆ అధ్యాయాన్ని ‘అంతా మన మంచికే’ అని ముగించారు. రాతప్రతి చదివిన ఆయన భార్య ఆ వాక్యం మీద ఒక గీత గీసి, ఏమీ అనకుండా నాకు ఇచ్చారు. ఆయన దాని జోలికి మళ్లీ పోలేదు. ఆ రోజు కొడుకు చెప్పులు గడప దగ్గర ఉన్న సంగతితో అధ్యాయం ఆగిపోయింది. కొన్ని దుఃఖాలకు లాభం ఉండదు, వాటికి ఒకటి కల్పించడం చదివేవారిని కాదు, పోయినవారిని మోసం చేసినట్టు ఉంటుంది.

అపోహ: అచ్చయ్యే పుస్తకం కాబట్టి భాష గ్రాంథికంగా ఉండాలి.

ఈ తప్పు మొదట నేనే చేశాను. ఒక తల్లి చెప్పిన మాటల్లోని ‘యాడ’, ‘ఏంది’ అన్నీ దిద్ది, పాఠ్యపుస్తకం లాంటి వాక్యాలుగా మార్చి ఇచ్చాను. ఆమె కూతురు రెండు పేజీలు చదివి, “చక్కగా ఉంది సార్, కానీ ఇందులో మా అమ్మ లేదు” అన్నారు. ఇప్పుడు కథనాన్ని సరళంగా ఉంచుతాను, మనుషుల మాటలను మాత్రం ముట్టుకోను.

అపోహ: పోయినవారి గురించి ఏమైనా రాయవచ్చు.

చట్టం అలా అనదు. భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ ప్రకారం, బతికి ఉంటే పరువుకు భంగం కలిగేలా, దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో పోయినవారి మీద చేసే ఆరోపణ కూడా పరువునష్టం కావచ్చు. ఉత్తరాలదీ ఇదే చిక్కు: కాగితం మీ దగ్గర ఉన్నా, అందులోని మాటల మీద హక్కు సాధారణంగా రాసినవారిదే, వారి తరువాత వారసులది.

అపోహ: పూర్తి చేయలేకపోతే శ్రమంతా వృథా.

ప్రకాశం పంతులు స్వీయచరిత్రకే నాలుగో భాగాన్ని ఆయన మరణానంతరం తెన్నేటి విశ్వనాథం రాశారు. నేను పని చేసిన ఒక పుస్తకం, బడిపంతులుగా ఉద్యోగంలో చేరడానికి బస్సు ఎక్కిన చోట ఆగిపోయింది. రాసినాయన ఆ వారమే కన్నుమూశారు. తరువాతి సంగతులు తనకు తెలుసు కనుక తాను పూరిస్తానని మనవడు మొదట అన్నాడు. చివరికి మిగిలిన సగం పేజీని ఖాళీగా వదిలి, దాని కింద తాతగారి నియామక పత్రాన్ని అచ్చు వేయించాడు.